ఐరన్ మేన్‌లో ఇనుమెంత?

పుట్టిన ఇరవయ్యారేళ్ళకి మా వాడు మొట్టమొదటిసారి నన్ను వృత్తిరీత్యా సంప్రదించాడు.

"నాన్నా, శనివారం ఖాళీయేనా? గురుగ్రామ్‌లో ఒక సర్వే ఉంది."

నా ఒళ్ళు పులకరించింది. నేను బీమా సర్వేయర్ని. ధర్మవరం వదిలి వచ్చి ముప్ఫై రెండేళ్ళు. ఇన్నేళ్ళూ ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్‌లలో ఎక్కడ ఏది కాలినా, మునిగినా, గుద్దుకున్నా సంచీ భుజాన వేసుకుని అక్కడికి వెళ్ళి, పోయినదాని విలువ ఎంతో తేల్చి రావడమే నా బతుకుతెరువు. సదర్ బజార్ గోడౌను బూడిదలో కర్రతో కెలికి, "సేఠ్‌జీ, ఇది నలభై కార్టన్ల బూడిద. మీరు చెబుతున్న నాలుగొందల కార్టన్లది కాదు" అని చెప్పగలను. ఊళ్ళో ఇంత పేరున్న నన్ను మా ఇంట్లో మాత్రం ఎవరూ దేనికీ అడగరు. ఫ్రిజ్ కొన్నప్పుడు అడగలేదు. కోడలి వేటలో ఉన్నారట, దానికీ అడగట్లేదు.

"ఏం పోయింది?" అన్నాను, పెన్ను తీస్తూ.

"పోలేదు. కొంటున్నా. ఐరన్ మేన్."

"లోహా మండీ నారాయణాలో కదా ఉండేది, గురుగ్రామ్ ఎందుకు?"

మా వాడు కళ్ళు మూసుకుని మూడు సెకన్లు ఊపిరి పీల్చాడు. వాళ్ళమ్మ నేర్పిన విద్య. తర్వాత ఫోను తెరిచి ఫొటో చూపించాడు. ఎర్ర రంగు, బంగారు రంగు కవచం తొడిగిన ఒక విగ్రహం. ఎత్తు 32 సెంటీమీటర్లు. కళ్ళు వెలుగుతాయట, గుండెలో గుండ్రటి దీపం వెలుగుతుందట, రెండు అరచేతులూ వెలుగుతాయట. ధర 38 వేలు.

వంటింట్లో పోపు చిటపట ఆగిపోయింది. "బొమ్మకి ముప్ఫై ఎనిమిది వేలా?"

"బొమ్మ కాదమ్మా, యాక్షన్ ఫిగర్."

ఈ మాటకి ఒక చరిత్ర ఉంది. తర్వాత తెలుసుకున్నాను. 1964లో అమెరికాలో హాస్‌బ్రో అనే కంపెనీ జీఐ జో అని పన్నెండంగుళాల సైనికుడి బొమ్మ తయారుచేసింది. బట్టలు మార్చొచ్చు, చేతులూ కాళ్ళూ వంచొచ్చు. అన్ని లక్షణాలూ బార్బీవే. కానీ బొమ్మ అంటే మగపిల్లలు ముట్టుకోరని భయపడి దానికి 'యాక్షన్ ఫిగర్' అని నామకరణం చేశారు. అరవై ఏళ్ళుగా ప్రపంచంలోని మగవాళ్ళందరూ ఆ రెండు మాటల చాటున హాయిగా బొమ్మలాట ఆడుకుంటున్నారు. మా వాడు ఆ సంప్రదాయానికి నోయిడా వారసుడు.

"అంత రేటెందుకు?" అన్నాను. సర్వేయరుకి మొదట తట్టే ప్రశ్న అదే.

"దిగుమతి సుంకం నాన్నా." బొమ్మల మీద 2020లో 20 శాతం ఉన్నదాన్ని 60 చేశారు. 2023లో 70 చేశారు. దాని మీద జీఎస్టీ. ఇక్కడో తమాషా. మామూలు బొమ్మకి అప్పట్లో 12 శాతం, కరెంటుతో పనిచేసే బొమ్మకి 18. అంటే ఆ నాలుగు మిణుగురు దీపాలకి అదనంగా ఆరు శాతం. ఈ అంకెని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత పనికొచ్చింది.

"పైగా ఇది ఖర్చు కాదు, ఇన్వెస్ట్‌మెంట్. పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది."

ఇక్కడ నా వృత్తిగౌరవం దెబ్బతింది. ముప్ఫై రెండేళ్ళుగా నేను తిన్న అన్నం అంతా ఒకే ఒక్క సత్యం మీద ఉడికింది: వస్తువు పాతబడితే విలువ తరుగుతుంది. మోటారు బీమాలో దానికి పట్టికే ఉంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలు, వీటికి వయసుతో పని లేకుండా సగం తీసేయాలి. ఫైబర్‌కి 30 శాతం. లోహానికైతే ఆరు నెలల్లోపు ఏమీ లేదు, ఏడాదికి 5, రెండేళ్ళకి 10, అలా పెరుగుతూ పదేళ్ళు దాటితే 50. గాజుకి మాత్రం తరుగు లేదు, సుమంగళి. ఈ పట్టిక నాకు సంధ్యావందనం కన్నా బాగా వచ్చు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు గానీ, దాని మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. చచ్చిన ఏనుగుని సాల్వేజ్ కింద ఎవడు కొంటాడు?

అయినా ఒప్పుకున్నాను. పిలిచింది కొడుకు. ఫీజు అడగలేదు. ఆటో చార్జీలు మాత్రం వాడివే.

నోయిడా సెక్టార్ 34లో మెట్రో ఎక్కి, బొటానికల్ గార్డెన్‌లో మెజెంటా లైను, హౌజ్ ఖాస్‌లో యెల్లో లైను మారి, మిలీనియం సిటీ సెంటర్‌లో దిగేసరికి గంటన్నర. దారిలో మా వాడు బొమ్మగారి వంశవృక్షం చెప్పాడు. ఐరన్ మేన్ మొదట కనిపించింది 1963 మార్చి తేదీతో వచ్చిన కామిక్ పుస్తకంలో. అప్పుడు కవచం బూడిద రంగు. మరుసటి సంచికలోనే బంగారు పూత పూశారు. అంటే నాకంటే ఏడాది పెద్దవాడు. పట్టిక ప్రకారం మా ఇద్దరికీ 50 శాతం తరుగు పోయింది. అతనికి రీపెయింట్ చేయించారు, నాకు చేయించలేదు.

"గుండెలో దీపం ఎందుకు?" అన్నాను.

"ఒంట్లో బాంబు ముక్కలున్నాయి నాన్నా. అవి గుండెలోకి వెళ్ళకుండా ఆ యంత్రం పట్టి ఉంచుతుంది."

ముందునుంచీ ఉన్న జబ్బు అన్నమాట. క్లెయిం తిరగ్గొడతారు.

అమ్మేవాడి ఫ్లాటు గోల్ఫ్ కోర్స్ రోడ్డు మీద ఇరవై రెండో అంతస్తు. ముప్ఫై ఏళ్ళ పంజాబీ కుర్రాడు. తలుపు తీయగానే "నమస్తే అంకుల్ జీ" అని నా కాళ్ళకు దండం పెట్టి, లేచి, జేబులోంచి తెల్ల నూలు గ్లవ్స్ మూడు జతలు తీసి ఇచ్చాడు. నేను ఆసుపత్రిలో మనవణ్ణి చూసినప్పుడు కూడా గ్లవ్స్ వేసుకోలేదు. (మా అమ్మాయి కొడుకు. వాడి విలువ కూడా ఏటేటా పెరుగుతోందని వాళ్ళ నాన్నమ్మ అంటుంది.)

ఎందుకమ్ముతున్నావని అడిగాను. పాత బండి అమ్మేవాణ్ణి తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. డబ్బవసరమో, ఇంట్లో గొడవో చెబుతాడనుకున్నాను. "ఇది అసలు మనిషిలో ఆరో వంతు సైజు అంకుల్ జీ. నాలుగో వంతుది వస్తోంది" అన్నాడు సిగ్గుపడుతూ. ఈ దేశంలో మారుతి అమ్మి ఇన్నోవా కొనేవాళ్ళ గొంతులో కూడా అంత భక్తి వినలేదు.

సరే, సర్వే మొదలైంది. ముందు డబ్బా. వస్తువు కంటే ముందు డబ్బాని చూడాలట, మూలలు నలిగితే వేలల్లో తేడా. నేను అలవాటుకొద్దీ ఐఎస్ఐ గుర్తు కోసం వెతికాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి అది తప్పనిసరి. మా వాడు అడ్డొచ్చాడు. ఆ రూలులో బొమ్మ అంటే పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆడుకునేది. ఈ డబ్బా మీద పదిహేనేళ్ళు నిండినవాళ్ళకి అని రాసి ఉంది. కాబట్టి చట్టం దృష్టిలో ఇది బొమ్మ కాదు. మరి సుంకం వేసేటప్పుడు? అప్పుడు బొమ్మే. ఇలాంటి తర్కం ఇన్సూరెన్సు పాలసీల వెనకవైపు తప్ప ఇంకెక్కడా చూడలేదు. మొదటిసారి ఆ విగ్రహం మీద కొంచెం ఆత్మీయత కలిగింది.

తర్వాత కొలత. టేపు పెట్టాను. 32 సెంటీమీటర్లు. ఆరుతో హెచ్చిస్తే 192, అంటే ఆరడుగుల మూడంగుళాల పైచిలుకు. కవచం తొడిగినవాడికి సరిపోతుంది. మోకాళ్ళు, మోచేతులు, నడుము కదిపి చూశాను. కీళ్ళు నావాటికన్నా గట్టిగా ఉన్నాయి. అదనపు చేతులు మూడు జతలు, డబ్బాలో గుంటలు చేసి పడుకోబెట్టారు: పిడికిలి ఒకటి, చాచిన అరచేయి ఒకటి, దేన్నో పట్టుకున్నట్టుండేది ఒకటి. మన దేవుళ్ళకైతే అన్ని చేతులూ ఒకేసారి తగిలించి ఉంటాయి, మార్చే బాధ లేదు.

ఇక నా సంచీలోంచి అయస్కాంతం తీశాను. గుద్దేసిన కారుకి పుట్టీ పూసి రంగు కొట్టి తెస్తారు. పైకి మెరుస్తుంది. అయస్కాంతం పెడితే రేకున్న చోట అతుక్కుంటుంది, పుట్టీ ఉన్న చోట జారిపోతుంది. ముప్ఫై రెండేళ్ళలో అది నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు. ఐరన్ మేన్ ఛాతీ మీద పెట్టాను. జారిపోయింది. తొడ మీద పెట్టాను. జారిపోయింది. భుజం, వీపు, బూటు... ఎక్కడా అతుక్కోలేదు.

"ఇందులో ఇనుము లేదు" అని ప్రకటించాను.

కుర్రాడి మొహం పాలిపోయింది. "డైకాస్ట్ అంకుల్ జీ! మెటలే!"

డైకాస్ట్ అంటే జింకు కలిసిన మిశ్రమలోహాన్ని కరిగించి అచ్చులో పోసింది. అయస్కాంతానికి అంటదు. మా వాడు ఇంకో బాంబు పేల్చాడు. 2008 సినిమాలో ఆ హీరోనే చెబుతాడట, ఐరన్ మేన్ అన్న పేరు సరిగ్గా సరిపోదు, కవచం బంగారం, టైటానియం కలిపి చేసింది అని. అంటే కథలోనూ ఇనుము లేదు, బొమ్మలోనూ లేదు. నేతిబీరకాయ. నోట్‌బుక్‌లో "ఇన్స్యూర్డ్ వారి పేరుకీ పదార్థానికీ పొంతన లేదు" అని రాసి, కింద గీత గీశాను.

ఇప్పుడు దీపాలు.

కళ్ళు వెలిగించాలంటే ముందు తల తీయాలి. తల వెనక మీట ఉంది. ఛాతీ దీపానికి వీపు మీద రేకు ఎత్తాలి. అరచేతుల దీపానికి చేయి మణికట్టు దగ్గర ఊడబెరికి, లోపల జీలకర్ర గింజంత మీటని పళ్ళు కుట్టుకునే పుల్లతో జరిపి, మళ్ళీ చేయి తగిలించాలి. నాలుగు దీపాలకీ నాలుగు వేరువేరు సంసారాలు, వేరువేరు బ్యాటరీలు. లోకాన్ని కాపాడే వీరుడు యుద్ధానికి బయల్దేరాలంటే ముందు ఎవరో ఒకరు తల పీకి, వీపు విప్పి, చేతులు ఊడదీసి సాయం చెయ్యాలి. శత్రువు అంతవరకు టీ తాగుతూ కూర్చోవాలి.

అన్నీ వెలిగించి టేబుల్ మీద నిలబెట్టాడు. నాకేమీ కనబడలేదు. ఇరవై రెండో అంతస్తు, మూడు వైపులా అద్దాలు, మధ్యాహ్నం పన్నెండు. ఢిల్లీ నవంబరులో సూర్యుడే జీరో వాట్ బల్బులా ఉంటాడు, అయినా ఆ బల్బు ముందు ఈ బల్బు నిలవలేదు. కర్టెన్లు వేశాడు. అవి పల్చటి రకం, ఎండని ఇంకా అందంగా చూపించాయి. దుప్పటి కప్పుకుందామన్నాను. ధూళి పడుతుందన్నాడు.

చివరికి ఇంట్లో చీకటి దొరికేది ఒక్కచోటేనని తేలింది. ముగ్గురం, తెల్ల గ్లవ్స్‌తో, వరసగా బాత్‌రూంలోకి వెళ్ళాం. విగ్రహాన్ని వాష్‌బేసిన్ పక్కన షాంపూ సీసాల మధ్య నిలబెట్టి, తలుపు గడియ పెట్టి, లైటు ఆర్పాడు.

నిజం చెప్పాలి. సర్వేయరు అబద్ధం రాయకూడదు.

చీకట్లో ముందు గుండె కనబడింది. నీలం కలిసిన తెలుపు, పావలా బిళ్ళంత. తర్వాత కళ్ళు, రెండు గీతలు. అప్పుడు ఆ వెలుగు కవచం అంచుల మీద పడి, ఎరుపు ఎక్కడ, బంగారం ఎక్కడ అని మెల్లగా తెలుస్తూ, టైల్స్ గోడ మీద మనిషెత్తు నీడ లేచింది. నాకు నోటమాట రాలేదు. నేనున్నది గురుగ్రామ్ బాత్‌రూం అని మరిచిపోయాను. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ముందు చాపమీద కూర్చున్నాను. తెల్ల పంచె తెర, వెనక ఆముదం దీపాలు, మేకతోలు మీద పొడిచిన వేల చిల్లుల్లోంచి వెలుగు. హనుమంతుడు తెర ఆ మూల నుంచి ఈ మూలకి ఎగిరితే మా తాత నా మెడ పట్టుకుని వెనక్కి లాగేవాడు, ముందుకు పడిపోతానని. చేతులూ తలా కదిలే కీళ్ళు వాటికీ ఉన్నాయి, వెలుగూ ఉంది. సూపర్‌హీరోలు సరేసరి, రామాయణం నిండా వాళ్ళే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బొమ్మలకి బ్యాటరీ అయిపోవడం ఎవరూ ఎరగరు. ఆముదం అయిపోయేది, పోసేవాళ్ళు.

తలుపు దబదబ బాదారు.

"బేటా! అందర్ కౌన్ హై?" వాళ్ళమ్మగారు.

"మమ్మీ, సర్వే చల్ రహా హై!"

బయట చాలాసేపు నిశ్శబ్దం. ముగ్గురు మగవాళ్ళు, గ్లవ్స్, గడియ, చీకటి, సర్వే. ఆవిడ ఏమనుకున్నారో నాకు తెలీదు. తర్వాత ఇచ్చిన టీలో మాత్రం పంచదార లేదు.

కుర్రాడు కంగారుపడ్డాడు. "చాలు అంకుల్ జీ, ఆర్పేద్దాం. బల్బుల ఆయుష్షు." దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని నేను గబగబా లెక్కపెట్టాను. గుండె ఒకటి. కళ్ళు రెండు. కుడి అరచేయి. ఎడమ అరచేయి...

ఎడమ అరచేయి చీకటి.

ఐదేళ్ళ నుంచి తన దగ్గరుంటే ఇంతవరకు గమనించలేదట. ఎలా గమనిస్తాడు? దీపాలు ఎప్పుడెప్పుడు వెలిగించాడో రాసిన చిన్న డైరీ చూపించాడు. ఐదేళ్ళలో మూడుసార్లు, మొత్తం పదకొండు నిమిషాలు. బండికి కిలోమీటర్ల లెక్కలా ఇదో లెక్క. అతని పద్ధతికి నాకు గౌరవం కలిగింది, కానీ బేరంలో గౌరవం చూపించకూడదు. పట్టిక తీశాను. ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం. లోహానికి ఐదో ఏడు, 35. బ్యాటరీలకి 50. పైగా 18 శాతం పన్ను వెలిగే బొమ్మకి కట్టింది. ఎడమ అరచేయి వెలగదు కాబట్టి అంతవరకు 12 శాతమే వర్తించాలని వాదించాను. కుర్రాడు మా వాడి వైపు చూశాడు. మా వాడు కిటికీలోంచి కింద ఎక్స్‌ప్రెస్‌వే వైపు చూశాడు, దూకే ఉద్దేశంతో.

చివరికి పట్టికని పక్కన పెట్టి, మామూలు మనుషుల్లా మాట్లాడుకుని 34 వేలకి దిగాం. ఎడమ అరచేతి లోపానికి విడిగా ఇంకో 2 వేలు తగ్గించాను. మొత్తం 32. గెలిచినవాడిలా లేచాను.

తిరుగు ప్రయాణంలో మెట్రో స్టేషన్‌లో డబ్బా ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్ళింది. బెల్టు ఆగిపోయింది. తెర ముందు కూర్చున్న సీఐఎస్ఎఫ్ కుర్రాడు ఇంకొకణ్ణి పిలిచాడు. ఇద్దరూ తెరలోకి వంగారు. నాకు చెమట పట్టింది. ఛాతీ నిండా మెటల్, లోపల వైర్లు, గుండ్రటి బ్యాటరీలు, రెండు కాళ్ళు, తల. మనిషాకారంలో ఏదో. పక్కన ఊడిన చేతులు ఆరు.

"క్యా హై యే?"

"ఐరన్..." అని మా వాడు మొదలెట్టేలోగా నేను "బొమ్మ నాయనా" అనేశాను, భయంలో తెలుగులో.

అతని మొహం విప్పారింది. "తెలుగోళ్ళా సార్? మాది శ్రీకాకుళం, టెక్కలి దగ్గర." పిలిచి తెర చూపించాడు. ఆ యంత్రంలో ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో, గట్టి లోహం నీలంగా కనిపిస్తాయి. అది చూశాక నాకు సర్వే మొత్తం మళ్ళీ చేసినంత పనైంది. ఛాతీ, తొడలు, నడుము నీలం. చేతులు, పిక్కలు, తలలో చాలా భాగం నారింజ. ఫీజు లేకుండా, డబ్బా తెరవకుండా, గ్లవ్స్ లేకుండా వీరుడి అంతరంగం తేలిపోయింది. నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే వెనక లైనులోవాళ్ళు "అంకుల్ ఆగే బఢో" అని అరిచారు.

ఇంటికొచ్చాక విగ్రహాన్ని అద్దాల అల్మారాలో పెట్టాడు. నాకు అభ్యంతరం లేదు. వాడికి ఏడేళ్ళప్పుడు ఐటీఓ దగ్గర నెహ్రూ హౌస్‌లో శంకర్ బొమ్మల మ్యూజియంకి తీసుకెళ్ళాను. కార్టూనిస్టు శంకర్ పిళ్ళై హంగరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో మొదలుపెట్టి, 1965లో తెరిచిన మ్యూజియం. దేశదేశాల బొమ్మలు అద్దాల వెనక. వీడు ముక్కు అద్దానికి ఆనించి రెండు గంటలు కదల్లేదు. బొమ్మల్ని అద్దంలోంచి చూడాలని నేర్పింది నేనే, ఇప్పుడు ఎవర్ననుకోను?

కానీ తర్వాత వాడు చేసింది చూసి ఆగలేకపోయాను. గ్లవ్స్ వేసుకుని, తల తీసి, వీపు విప్పి, చేతులు ఊడబెరికి, బ్యాటరీలన్నీ బయటికి తీసేసి చిన్న ప్లాస్టిక్ సంచీలో వేశాడు.

"లోపలుంచితే కారిపోయి సర్క్యూట్ తినేస్తాయి నాన్నా."

"అయితే ఎప్పుడు వెలిగిస్తావు?"

"వెలిగించను."

"మరి వెలిగేది ఎందుకు కొన్నావురా?"

"వెలగనిదైతే రీసేల్ ఉండదు."

మా ఆవిడ హాల్లో స్విచ్ వేసింది. నిమ్మలకుంట తోలు లాంప్‌షేడు వెలిగింది. పదేళ్ళ కిందట ఢిల్లీ హాట్‌లో స్టాలు పెట్టిన మా ఊరివాళ్ళ దగ్గర 900కి కొన్నది. 2011లో మన దేశంలో మొదటి కామిక్ కాన్, అంటే ఈ కామిక్ వీరుల అభిమానుల జాతర, జరిగిన చోటు కూడా ఆ ఢిల్లీ హాటేనని మా వాడు చెప్పాడు. ఆ లాంప్‌షేడు మీద సంజీవని ఎత్తిన హనుమంతుడు. రోజూ సాయంత్రం ఆరింటి నుంచి పది దాకా వెలుగుతాడు. తోక కాస్త మాడింది. ఆవిడ రెండువేళ్ళ పసుపు అంటించింది. వాడి లెక్కలో దానికి రీసేల్ సున్నా.

మూడు రోజులు ఓపికపట్టాను. నాలుగో రోజు మా వాడు ఆఫీసుకి వెళ్ళగానే అల్మారా తెరిచి, ఆ ఎడమ చెయ్యి ఒక్కటే ఊడదీసి, కళ్ళజోడు తుడిచే గుడ్డలో చుట్టి, దాని రెండు బ్యాటరీలు కాగితంలో పొట్లం కట్టి, చొక్కా జేబులో పెట్టుకుని సెక్టార్ 18 అట్టా మార్కెట్‌కి వెళ్ళాను. సర్వేయరుకి కారణం తెలియని నష్టం గొంతులో ముల్లు.

అక్కడ మెట్ల కింద ఒక గడియారాల ముసలాయన ఉంటాడు. కంటికి భూతద్దం బిగించి, చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "యే కిస్ కా హాథ్ హై?"

"బచ్చే కా" అన్నాను. అంతకుమించి చెప్పాలంటే కుర్చీ కావాలి.

పట్టకారుతో నా బ్యాటరీలు లోపల పెట్టాడు. మీట నొక్కాడు. అరచేయి భగ్గున వెలిగింది. మెట్ల కింద చీకట్లో దాని వెలుగు ఆయన గడ్డం మీద పడి, గోడన వేలాడుతున్న గడియారాలన్నీ ఒక్కసారి తెల్లగా మెరిశాయి.

"ఇందాకటి బ్యాటరీలేగా ఇవి? ఎలా వెలిగింది?"

"ఇంతకు ముందు ఎవరో ఉల్టా పెట్టుంటారు" అన్నాడు. పది రూపాయలు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి చెయ్యి తగిలించి కుర్చీలో కూలబడ్డాను. లోపం లేదు. లేని లోపానికి 2 వేలు కోయించాను. బీమాకి పునాది పరమ విశ్వాసం. తెలిసిన నిజాన్ని ఏ పక్షమూ దాచకూడదు. ఆ మాట మీద ఎంతమంది క్లెయిములు కొట్టేశానో లెక్కలేదు. సాయంత్రం మా వాడికి చెబితే "వదిలెయ్ నాన్నా, డీల్ ఈజ్ డీల్" అన్నాడు. మా ఆవిడ "ఆ రెండువేలూ ఆ పిల్లాడికి పంపండి, పాపం పంచదార లేని ఇల్లు" అంది.

ఫోను చేశాను. అంతా చెప్పాను. బ్యాటరీ తిరగబడిందని, గడియారాలాయన సరిచేశాడని, అరచేయి బాగా వెలుగుతోందని, 2 వేలు పంపిస్తానని. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. నా నిజాయితీకి కదిలిపోయాడనుకున్నాను.

"అంకుల్ జీ," అన్నాడు చివరికి, గొంతు వణుకుతూ, "ఆ గడియారాలాయన గ్లవ్స్ వేసుకున్నాడా?"

నాకు ఆ మెట్ల కింది దృశ్యం కళ్ళముందు నిలిచింది. ఎడమ చేత్తో సగం తిన్న సమోసా పక్కన పెట్టి, వేళ్ళకంటిన ఆకుపచ్చ చట్నీని కుర్తాకి తుడుచుకుని, "లావ్" అని చెయ్యి చాచిన ముసలాయన.

"హలో? హలో? బేటా, సిగ్నల్ లేదిక్కడ" అని పెట్టేశాను.